ఎన్ని గంటలు కాదు, ఏ గంటలు?

2023 ఎన్నికలకు ముందు మన తెలంగాణ వాట్సాప్ గ్రూపులన్నీ ఒకే లెక్క మీద తన్నుకున్నాయి. మూడు గంటలా, ఇరవై నాలుగు గంటలా? అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి జూలైలో అమెరికా వచ్చినప్పుడు ఇక్కడి ఒక సభలో చిన్న రైతుకు ఎకరానికి గంట చొప్పున కరెంటు చాలన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట సముద్రం దాటేసరికి ఊళ్ళల్లో దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. ఒకరు 24 గంటలు మా ఘనత అన్నారు. ఇంకొకరు సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులు తెరిచి, ఎక్కడిస్తున్నారు 24 గంటలు అని నిలదీశారు. ఎన్నికలు అయిపోయాయి, ప్రభుత్వం మారింది. 24 గంటల హామీ మాత్రం గెలిచినవాళ్ళ మేనిఫెస్టోలోనూ భద్రంగా ఉంది.

మూడు అన్నవాళ్ళదీ, ఇరవై నాలుగు అన్నవాళ్ళదీ లెక్క తప్పని కాదు, వాళ్ళు వేసుకున్న ప్రశ్నే తప్పని నా వాదన. రైతుకు కరెంటు ఎన్ని గంటలు అని అడిగినంత కాలం మనం 2004 లోనే ఉంటాం. అడగాల్సింది ఏ గంటల్లో అని. ఆ కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతుల్లో పుడుతుంది అని. రాబోయే పదేళ్ళలో తెలంగాణ ఖజానా, తెలంగాణ భూగర్భ జలం, తెలంగాణ రైతు మెడ మీది అప్పు, మూడూ ఈ ప్రశ్నకు చెప్పుకునే జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి.

నా గురించి ఒక్క మాట. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, చేసేది ఐటీ కన్సల్టింగ్. టెక్సాస్‌లో ఒక కరెంటు పంపిణీ సంస్థకు మీటర్ల డేటా నడిపే సాఫ్ట్‌వేర్ మీద కొన్నేళ్ళుగా పని చేస్తున్నాను. ఇక్కడ ప్రతి ఇంటి మీటరూ పావుగంటకోసారి లెక్క పంపుతుంది. రోజంతా ఆ లెక్కలు చూసేవాడికి ఒక విషయం తొందరగానే ఒంటబడుతుంది. కరెంటు బియ్యం లాంటిది కాదు. పొద్దున యూనిట్టూ రాత్రి యూనిట్టూ ఒకే సరుకు కాదు.

అయితే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. 24 అనే అంకె మనవాళ్ళకు ఎందుకు అంత తియ్యగా ఉంటుందో తెలియకుండా దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. సమైక్య రాష్ట్రంలో బోరు మీద బతికిన తెలంగాణ పల్లెకు కరెంటు అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి చెప్పాల్సిన పని లేదు. కాలువలు అటు పారాయి, ఇటు మనం అప్పు తెచ్చి బోర్లు వేసుకున్నాం. ఆ బోర్లకు కరెంటు కావాల్సి వచ్చినప్పుడు ఏడు గంటలన్నారు. అదీ రెండు మూడు ముక్కలుగా, అర్ధరాత్రి ఒక ముక్క, తెల్లవారుజామున ఒక ముక్క. మా చిన్నాయన జనగామ దగ్గర మా ఊళ్ళో టార్చిలైటు పట్టుకొని రాత్రి ఒంటి గంటకు బాయికాడికి పోయేటోడు. నేను సెలవులకు పోయినప్పుడు వెంట వస్తనంటే, "నువ్వు పండుకో బిడ్డా, పాము పుట్ర ఉంటయి" అనేటోడు. తడి కాళ్ళతో, చీకట్లో, స్టార్టర్ డబ్బా మీద చెయ్యి పెట్టి, ఫ్యూజు తీగ చుట్టి, అట్లా షాకు కొట్టి పోయిన రైతులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ అమరవీరుల స్తూపం మీదా లేవు.

మలిదశ ఉద్యమానికీ కరెంటుకూ ఉన్న బంధం కూడా మరవద్దు. 2000 ఆగస్టు 28 న కరెంటు చార్జీల పెంపు మీద అసెంబ్లీకి బయలుదేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. అప్పటి డిప్యూటీ స్పీకర్ కేసీఆర్ ఆ చార్జీల మీద ముఖ్యమంత్రికి రాసిన లేఖ, ఆ తర్వాత ఆయన రాజీనామా, 2001 ఏప్రిల్ 27 న కొత్త పార్టీ, ఇవన్నీ ఆ వరుసలోనివే. ఇక సమైక్య రాష్ట్రపు చివరి ముఖ్యమంత్రి రాష్ట్రం విడిపోతే తెలంగాణ చీకటవుతుందని టీవీల ముందు పాఠం చెప్పినప్పుడు మనకు కలిగిన అవమానం అంత తొందరగా చల్లారేది కాదు. అందుకే 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నప్పుడు అది విద్యుత్ విధానంలా వినపడలేదు. ఆ అవమానానికి జవాబులా వినపడింది.

ఆ జవాబు అవసరమే. ఇచ్చిన ఇంజనీర్లకు, లైన్‌మన్లకు, ప్రభుత్వానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. కానీ అది ఎలా సాధ్యమైందో కూడా చూడాలి. మన బొగ్గు, మన ప్లాంట్లు ఒక కారణం మాత్రమే. 2013 డిసెంబర్ 31 న రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చింది. అంతకు ముందు దక్షిణాది ఒక ద్వీపం లాంటిది. ఉత్తరాన మిగులు కరెంటు ఉన్నా తాల్చేరు–కోలారు, భద్రావతి, గాజువాక లాంటి కొద్ది హెచ్‌వీడీసీ దారుల్లో పట్టినంతే కిందికి దిగేది. 2012 జూలైలో వరసగా రెండు రోజులు ఉత్తర, తూర్పు భారతాలు చీకటైనప్పుడు మనం తప్పించుకున్నది కూడా ఆ వేర్పాటు వల్లే, అది వేరే మాట. ద్వీపం వంతెన అయ్యాక, ఆ తర్వాత వార్ధా నుంచి నిజామాబాద్ మీదుగా మహేశ్వరం దాకా పెద్ద లైను వచ్చాక, కొనే దమ్ము ఉంటే కరెంటు దొరికే కాలం వచ్చింది. చీకటి శాపం పెట్టినవాళ్ళు ఓడిపోయింది అక్కడ. వాళ్ళు తెలంగాణను ఒక గోడ లోపల ఊహించారు. గ్రిడ్‌కు అప్పటికే గోడలు పోతున్నాయి.

ఇప్పుడు గ్రిడ్ మళ్ళీ మారుతోంది. ఈసారి మారేది దారి కాదు, గడియారం.

ఒక చిన్న లెక్క వేద్దాం. తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లు 27 లక్షలకు పైనే. ఒక్కో మోటరు సగటున 5 హార్స్‌పవర్ అనుకుంటే, అంటే 3.7 కిలోవాట్లు, అన్నీ ఒకేసారి తిరిగితే సుమారు 10 వేల మెగావాట్లు. రాష్ట్రం మొత్తం గరిష్ఠ డిమాండ్ 2023 మార్చిలో 15 వేలు దాటింది, 2025 మార్చిలో 17 వేలు దాటింది. మార్చిలోనే ఎందుకు? యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది, మోటర్లన్నీ ఒకే ఊపులో తిరుగుతాయి. అంటే ఈ రాష్ట్రంలో కరెంటు ఎంత కావాలి, ఎన్ని ప్లాంట్లు కట్టాలి, ఎంత అప్పు చేయాలి అనేది చాలా వరకు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. ఆ మోటర్లు ఏ వేళ తిరుగుతాయి?

24 గంటల హామీ ఈ ప్రశ్నకు చెప్పే జవాబు, ఎవరిష్టం వాళ్ళది అని. పదేళ్ళ క్రితం అయితే ఆ జవాబుతో పెద్ద నష్టం లేదు. బొగ్గు ప్లాంటుకు రాత్రీ పగలూ ఒకటే, నిజానికి రాత్రి మిగులే. అందుకే ఆ రోజుల్లో రైతును రాత్రికి నెట్టారు. పగలు పరిశ్రమకూ నగరానికీ, మిగిలింది అర్ధరాత్రి మా చిన్నాయనకు. ఇప్పుడు సూర్యుడు ఆ లెక్కను తిరగేశాడు. దేశమంతా సోలార్ నిండి, ఎండాకాలం మధ్యాహ్నం ఎక్స్ఛేంజ్‌లో కరెంటు ధర నేల మీద పడి ఉంటోంది. అదే రోజు పొద్దుగూకినాక, ఇళ్ళల్లో లైట్లు, ఏసీలు వేసుకునే వేళకు, ధర యూనిట్‌కు 10 రూపాయల పరిమితిని తాకుతోంది. కేంద్రం 2023 లో తెచ్చిన నిబంధనల్లో కూడా ఇదే ఉంది. ఎండ వేళల్లో చార్జీ తక్కువ, సాయంత్రం పీక్ వేళల్లో ఎక్కువ. వ్యవసాయానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇవ్వాల్సిందే. కానీ మినహాయింపు ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. రాత్రి ఏడింటికి తిరిగే ప్రతి ఉచిత మోటరుకూ ఎవరో ఒకరు ఆ పది రూపాయల ధర కట్టాలి. డిస్కం కడుతుంది, కట్టలేక అప్పు చేస్తుంది, ప్రభుత్వం సబ్సిడీ అంటుంది, చివరికి ఆ భారం రైతుబిడ్డ చదివే సర్కారు బడి మీదనో, ఊరి దవాఖాన మీదనో పడుతుంది. వ్యవసాయ కరెంటు సబ్సిడీకి తెలంగాణ ఏటా పదివేల కోట్లకు పైగా పెడుతోంది.

టెక్సాస్ మాట ఎత్తితే మనవాళ్ళు నవ్వుతారు, అమెరికా కథలు మాకెందుకని. కానీ గడియారం పాఠం నేను ఇక్కడే చూశాను, మంచీ చెడూ రెండూ. ఇక్కడ కొన్ని కంపెనీలు రాత్రి కరెంటు ఫ్రీ అని ప్లాన్లు అమ్ముతాయి. దానం కాదది. పశ్చిమ టెక్సాస్‌లో రాత్రిపూట గాలి బాగా వీస్తుంది, గాలిమరల కరెంటు కొనే దిక్కుండదు, అందుకే ఫ్రీ. ఎక్కడ ఏది ఎప్పుడు మిగులుతుందో ఆ వేళకు వాడకాన్ని జరపడం, ఇంతే సూత్రం. మనకు మిగిలేది పగటి ఎండ.

చెడు పాఠం 2021 ఫిబ్రవరిది. ఆ వారం టెక్సాస్‌లో ఉన్న తెలుగువాళ్ళకు గుర్తు చేయక్కర్లేదు. కార్లో హీటర్ వేసుకొని పిల్లల్ని పడుకోబెట్టినవాళ్ళు, మంచు కరిగించి బాత్రూంలో వాడుకున్నవాళ్ళు మన గ్రూపుల్లోనే ఉన్నారు. 15 వ తేదీ అర్ధరాత్రి దాటాక మంచుకు ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఫ్రీక్వెన్సీ 60 నుంచి 59.4 కిందికి పడి నాలుగు నిమిషాలకు పైగా అక్కడే ఉంది. ఇంకో నాలుగున్నర నిమిషాలు అలాగే ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలి, తిరిగి లేవడానికి వారాలు పట్టేది. ఆపరేటర్లు 20 వేల మెగావాట్ల దాకా కోత పెట్టి దాన్ని నిలబెట్టారు. 45 లక్షల ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. రాష్ట్రం అధికారికంగా లెక్కపెట్టిన చావులు 246.

ఎందుకు జరిగింది? గాలిమరలు గడ్డకట్టినందుకని కొందరు నాయకులు టీవీల్లో చెప్పారు. అన్నిటికన్నా ఎక్కువ పడిపోయింది గ్యాసు. బావుల దగ్గర గ్యాసు గడ్డకట్టింది. దాన్ని పైపుల్లో తోసే కంప్రెసర్లలో కొన్నిటికి కరెంటు కోత పెట్టారు, ఎందుకంటే అవి అత్యవసర కనెక్షన్లుగా నమోదు కాలేదు. గ్యాసు లేక ప్లాంటు ఆగింది, ప్లాంటు ఆగి కోత పెరిగింది, కోత పెరిగి గ్యాసు ఇంకా తగ్గింది. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే, ఫెడరల్ ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండకూడదని టెక్సాస్ దశాబ్దాలుగా తన గ్రిడ్‌ను విడిగా ఉంచుకుంది. పట్టుమని పదిహేను వందల మెగావాట్లు రావడానికి కూడా దారి లేదు. మార్కెట్ ధర యూనిట్‌కు 9 డాలర్లకు ఎక్కి నాలుగు రోజులు అక్కడే కూర్చుంది. మారే ధరల ప్లాన్ తీసుకున్న ఇళ్ళకు వేల డాలర్ల బిల్లులొచ్చాయి.

ఆ రాత్రుల్లో హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల మధ్యన ఖాళీ ఆఫీసు మేడలు వెలుగుతూనే ఉన్నాయి. వాటి ఫీడర్ల మీద ఆసుపత్రులు ఉన్నాయి కాబట్టి తీయలేదన్నారు. కారణం నిజమే కావచ్చు. కానీ కోత ఎవరి ఫీడర్ మీద పడుతుంది అన్నదే కరెంటు రాజకీయాల్లో అసలు ప్రశ్న అని తెలంగాణ పల్లెలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. అంతా మార్కెట్‌కు వదిలేస్తే ఏమవుతుందో టెక్సాస్ చూపించింది. మనల్ని అటు నడిపించాలని చూసే విద్యుత్ సవరణ బిల్లులను వ్యతిరేకించడం సబబే. కానీ ఇదే టెక్సాస్ ఆ తర్వాత ఏం చేసిందో కూడా చూడాలి. ఇవాళ ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం సోలార్ 25 వేల మెగావాట్లు దాటుతోంది. సాయంత్రం ఎండ దిగే రెండు మూడు గంటలను బ్యాటరీలు మోస్తున్నాయి. చమురు, గ్యాసు తాగి బతికే రాష్ట్రం ఇది. పర్యావరణం మీద ప్రేమతో చేసింది కాదు, చవక కాబట్టి చేసింది.

మరి మనం? మనం గర్వంగా చూపించేది దామరచర్ల. యాదాద్రి థర్మల్ ప్లాంటు, 4,000 మెగావాట్లు, 2015 లో శంకుస్థాపన, తొలి యూనిట్ నడిచేసరికి 2024 చివర. అంచనా 25 వేల కోట్లతో మొదలై 30 వేల కోట్లు ఎప్పుడో దాటింది. బొగ్గు గనులేమో గోదావరి ఒడ్డున, ప్లాంటేమో కృష్ణా ఒడ్డున. సింగరేణి బొగ్గును రాయలసీమ ప్లాంటుకు మోసుకుపోతున్నారని ఉద్యమంలో మనమే కదా అరిచింది! ఛత్తీస్‌గఢ్ కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి మీద విచారణ కమిషన్ వేశారు. ఎవరి తప్పెంతో తేల్చడం దాని పని. నాది ఇంజనీరు అడిగే ప్రశ్న. బొగ్గు ప్లాంటు కట్టాక 25 ఏళ్ళ పాటు స్థిర చార్జీ కట్టాలి, నడిపినా కట్టాలి, ఆపినా కట్టాలి. మధ్యాహ్నం సోలార్ ముంచెత్తుతుంటే దాన్ని సగానికి తగ్గించి నడపాలి. అలా కిందికీ మీదికీ లాగితే యంత్రం అరిగిపోతుంది, బొగ్గు ఎక్కువ తింటుంది. సాయంత్రానికి, వానాకాలపు మబ్బు రోజులకు ఉన్న బొగ్గు మనకు ఇంకా చాలా ఏళ్ళు కావాలి, కాదనను. కొత్త బొగ్గు కావాలా అన్నది వేరే ప్రశ్న. పునర్విభజన చట్టంలో ఎన్టీపీసీ 4,000 మెగావాట్లు అని ఉంది, రామగుండంలో 1,600 వచ్చింది, మిగతా 2,400 మన హక్కు అని మనవాళ్ళు ఇంకా పట్టుబడుతున్నారు. హక్కే. అయితే ఆ హక్కును అంతే విలువ చేసే స్టోరేజీ రూపంలో అడిగితే ఏం పోయింది? చట్టంలో రాసింది 2014 లో. అప్పుడు సోలార్ యూనిట్ ధర ఇప్పటి ధరకు రెట్టింపుకు పైనే ఉండేది.

సోలార్‌లో మనం వెనుకబడ్డవాళ్ళం కూడా కాదు. 2015 టెండర్లలో తెలంగాణ ఒక తెలివైన పని చేసింది. ఎక్కడో ఒకచోట వేల ఎకరాల పార్కు పెట్టకుండా, మండలాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గర చిన్న చిన్న ప్లాంట్లు పెట్టించింది. కరెంటు పుట్టిన చోటే ఖర్చవుతుంది, లైన్ల నష్టం తగ్గుతుంది. అప్పట్లో యూనిట్ 5 రూపాయల పైన పడింది, అయినా కొన్నేళ్ళలో దేశంలో ముందు వరసలో నిలబడ్డాం. ధర సగానికి పడిపోయిన సమయంలో, అంటే పరిగెత్తాల్సిన సమయంలో, మనం నెమ్మదించాం. ఆ పగ్గం మహారాష్ట్ర అందుకుంది. వ్యవసాయ ఫీడర్ల కోసం సబ్‌స్టేషన్ల పక్కనే సోలార్ కట్టే పథకాన్ని 2017 లో మొదలుపెట్టి 2023 లో పెద్దది చేసింది. యూనిట్ మూడు రూపాయల చుట్టూ పడుతోంది. భూమి లీజుకిచ్చినవాళ్ళకు హెక్టారుకు ఏడాదికి లక్షా పాతిక వేలు. రైతుకు పగటి కరెంటు. మన డిస్కంలకు ఒక యూనిట్ చివరి మోటరు దాకా చేర్చడానికి అయ్యే సగటు ఖర్చు ఏడు రూపాయల చుట్టూ ఉంది.

నేను అడిగేది ఇదే. ప్రతి 33/11 కేవీ సబ్‌స్టేషన్ పక్కన మూడు నాలుగు మెగావాట్ల సోలార్. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు, అంటే ఒక్కోచోట పదిహేను ఇరవై ఎకరాలు. వ్యవసాయ ఫీడర్లను ఇళ్ళ ఫీడర్ల నుంచి వేరు చేయాలి. గుజరాత్ జ్యోతిగ్రామ్ పేరుతో ఈ పనిని 2003 లోనే మొదలుపెట్టింది. ఇళ్ళకు 24 గంటలు. మోటర్లకు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆగకుండా తొమ్మిది గంటలు, పూర్తి వోల్టేజీతో, పైసా తీసుకోకుండా. ఇవ్వని రోజుకు డిస్కం రైతుకు పరిహారం కట్టాలి, అది జీవోలో కాదు చట్టంలో ఉండాలి. 2018 లో 24 గంటలు మొదలైన కొత్తలోనే పగలు తొమ్మిది గంటలు చాలన్న రైతులు ఉన్నారు, బోర్లు ఎండిపోతాయని వాళ్ళ భయం. ఆటో స్టార్టర్లు తీసేయండని అధికారులు ఊరూరా తిరిగి చెప్పిందీ ఆ భయంతోనే. నీళ్ళ గురించి ఇంజనీరు కన్నా బోరు వేసినవాడికే ఎక్కువ తెలుసు.

"ఇది ఉచిత కరెంటు ఎత్తేసే కుట్ర" అనేవాళ్ళు ఉంటారు. అనుమానం న్యాయమే, మోసపోయిన జాతికి అనుమానం ఆస్తి. మోటర్లకు మీటర్లు పెడితే అదనపు అప్పు ఇస్తామని కేంద్రం ఆశ పెట్టినప్పుడు తెలంగాణ వద్దన్నది, మంచి పని చేసింది. రైతు ఇంటి ముందు మీటరు పెట్టినవాడు రేపు బిల్లు కూడా పెడతాడు. కానీ లెక్కే వద్దనడం వేరు. ఇవాళ ఏ మోటరు ఎంత తాగిందో ఎవరికీ తెలియదు కాబట్టి దొంగ కనెక్షన్లు, పాత తీగల నష్టం, బకాయిలు కట్టని పెద్ద మనుషుల లోటు, అన్నిటినీ వ్యవసాయం ఖాతాలో రాసేయడం సులువు. రైతు తాగని కరెంటుకు కూడా రైతే బద్నాం అవుతున్నాడు. మీటరు మోటరుకు వద్దు, ఫీడర్‌కు పెట్టండి. ఆ ఫీడర్ గంట గంట లెక్క డిస్కం వెబ్‌సైట్‌లో పెట్టండి. అప్పుడు లాగ్‌బుక్కుల గొడవే ఉండదు, ఏ పార్టీవాడైనా ఫోన్లో చూసుకుంటాడు. సాఫ్ట్‌వేర్‌గా ఇది చాలా చిన్న పని. మన హైదరాబాద్ పిల్లలు ఇంతకు పదింతల పెద్ద సిస్టంలు డాలస్‌కు రాసి పెడుతున్నారు.

వాన రోజు సంగతేమిటని ఇంకో ప్రశ్న. మబ్బు పట్టిన రోజు సోలార్ తగ్గుతుంది, నిజం. ఆ రోజు మోటరు కూడా తక్కువే తిరుగుతుంది. ఎండలు మండి చేను ఎండిపోయే రోజే మోటరు అవసరం, ఆ రోజు సోలార్ నిండుగా ఉంటుంది. పంటకూ పలకకూ ఇంత పొత్తు కుదిరిన చోటు ఇంకోటి లేదు. మబ్బు ఉండి వాన పడని రోజులకు గ్రిడ్ ఎలాగూ ఉంది, తీగలు పీకేయమని ఎవరూ అనడం లేదు. సాయంత్రం ఇళ్ళ పీక్‌కు శ్రీశైలం ఎడమగట్టు ఉంది, 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, నీళ్ళను తిరిగి పైకి ఎక్కించగల యంత్రాలు. 2020 ఆగస్టులో అక్కడి మంటల్లో తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో మన ఇంజనీర్లు ఉన్నారు, ప్లాంటును కాపాడబోయి పోయారు. ఆ యంత్రాలను మధ్యాహ్నపు చవక కరెంటుతో సాగర్ నీళ్ళు పైకి ఎత్తడానికీ, సాయంత్రం వదలడానికీ రోజువారీ పనిగా వాడాలంటే రెండు రాష్ట్రాలు కూర్చొని మాట్లాడుకోవాలి. నీళ్ళ వాటాల కొట్లాటలో ఈ సంగతి ఎప్పుడూ అడుగునే పడుతుంది. ఒకసారి ఎక్కించి దింపిన నీళ్ళు ఎవరి వాటాలోంచీ తగ్గవని రెండు వైపులా ఇంజనీర్లకు తెలుసు.

ఇక అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. ఈ సోలార్ ఎవరిది? 2021 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ రైతుల ఉచిత కరెంటు కోసమని 7,000 మెగావాట్లకు కేంద్ర సంస్థతో 25 ఏళ్ళ ఒప్పందం చేసుకుంది, యూనిట్ 2.49 రూపాయలు. ధర చూస్తే చవకే. కానీ అనంతపురం ఎండ అనంతపురంలోనే ఉండగా కరెంటు రాజస్థాన్ నుంచి వస్తుంది, డబ్బు అటు పోతుంది. ఆ దారి మనం పట్టొద్దు. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి అనే చిన్న ఊళ్ళో 2016 లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకొని, మోటరు తిరగని వేళ మిగిలిన కరెంటును డిస్కంకు అమ్మారు. కరెంటును పంటలా అమ్మినప్పుడు నీళ్ళు వృథాగా తోడే బుద్ధి దానంతటదే తగ్గుతుందని అక్కడ తేలింది. కేంద్రం కుసుమ్ పథకంలో కూడా రైతులు, సహకార సంఘాలు సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. కాగితం మీద అవకాశం ఉంది. బ్యాంకు దగ్గరికి పోతే రైతుకు ఆ కాగితం పనికిరాదు, పూచీకత్తు అడుగుతారు. కంపెనీకి అడగరు.

ఇప్పటి ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించిన విధానంలో 2030 కల్లా 20 వేల మెగావాట్ల హరిత విద్యుత్తు అన్నారు. మహిళా సంఘాలకు 1,000 మెగావాట్ల సోలార్ అని విడిగా ప్రకటించారు. ఆ వెయ్యి మంచి మాటే, చప్పట్లు కొడతాను. మిగతా 19 వేలు ఎవరివి? పదేళ్ళ ప్రతిపక్షమూ ఈ ప్రశ్న అడగదు, 24 గంటలు ఇస్తున్నారా లేదా అనే అడుగుతుంది. అధికార పక్షం ఇస్తున్నామనే చెబుతుంది. ఈ లోపల పాతికేళ్ళ ఒప్పందాల మీద సంతకాలు అవుతుంటాయి.

ప్రవాసంలో ఉన్న మనం చేయగలిగింది కొంత ఉంది, అది సభలు పెట్టి మంత్రులకు శాలువాలు కప్పడం కాదు. మనలో చాలామంది ఊళ్ళల్లో భూములు కొని కంచె వేసి పెట్టారు. ఒక్కో సబ్‌స్టేషన్ దగ్గర రైతుల సంఘానికో, మహిళా సంఘానికో పెట్టుబడి వాటా, బ్యాంకుకు పూచీకత్తు మనం ఇవ్వగలం. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్న డబ్బులో పదో వంతు చాలు. మన మీటర్ డేటా ఇంజనీర్లు ఫీడర్ లెక్కల సైటు ఉచితంగా కట్టివ్వగలరు. నేను నా వంతుకు సిద్ధం.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు లైన్‌మన్‌ను పిలిచి రెండు సంగతులు అడగండి. మీ ఫీడర్ మీద మోటర్లు ఎక్కువగా ఏ వేళ తిరుగుతున్నాయి? సబ్‌స్టేషన్ చుట్టుపక్కల ఇరవై ఎకరాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? రెండో సంగతి మీరు అడగకపోతే ఏదో ఒక కంపెనీ ఏజెంటు వచ్చి అడుగుతాడు.